తలుపు చాటు పేరు

జూలై నెల వస్తోందనగా ఈ ఏడు నాకో కొత్త పని పడింది. బీరువా పైఅరలోంచి ఎర్ర మఖమల్ దిండు తీసి, వానల మధ్య ఎండ కాసిన పూట చూసుకుని, పెరట్లో నులకమంచం మీద ఎండబెట్టాలి. యానాంలో గోదారి గాలికి బట్టన్నది ఏదైనా చెమ్మపట్టి ముక్కిన వాసన వేస్తుంది. ఇది తల కింద పెట్టుకునే దిండు కాదు. అన్నం తినే పళ్ళెం అంత ఉంటుంది, అంతే. లోపల బూరుగు దూది. మఖమల్ వెలిసిపోయి ఇటుకరంగుకి వచ్చేసింది గాని, నడిమధ్యన రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దదిగా ఒక్క చోట మాత్రం కొత్త గుడ్డలా ఎర్రగా మిగిలింది. ఆ చోట ఉండాల్సిన పతకం ప్రస్తుతం మా దేవుడి గూట్లో ఉంది. రుమేనియా అనే దేశాన్ని రాజులు ఏలిన కాలంలో, అక్కడి రాజు మా పేట మనిషి ఒకాయనకి ఇచ్చిన పతకం అది.

ఆయన్ని నేను చూడలేదు. ఆయన కోడల్ని చూశాను. ఏటా ఈ దిండుని రెండు చేతుల మీద మోసింది ఆవిడే. పోయిన చలికాలంలో పోయింది. ఊరంతా ఆవిణ్ణి దిండు మామ్మ అనేవారు. చాటున నేనూ అలాగే అనేదాన్ని, ఎదట పడితే మాత్రం మామ్మగారూ అని పిలిచేదాన్ని.

మేం ఆవిడ ఇంట్లో ముందు వాటా అద్దెకి తీసుకున్న రోజున ఆవిడ నా మొహం చూడలేదు. నా పాపిడి చూసింది. సామాను ఇంకా బండి మీదే ఉంది. నన్ను పీట మీద కూర్చోమని, జడ విప్పమని, వెలుతురుకేసి తల తిప్పి, చెవుల వెనక కూడా వెతికింది.

"బళ్ళో పంతులమ్మవంట గదా. పిల్లల మజ్జిన తిరుగుతావు. తల్లో పేలుంటే మటుకు నా గుమ్మం తొక్కకు," అంది.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, నలుగురిలో నన్నలా కూర్చోబెట్టి జుట్టు వెతుకుతుందా అని మా ఆయన దగ్గర ఏడ్చినంత పని చేశాను. ఆయన రొయ్యల చెరువులకి మేత అమ్మే మనిషి. సామాను సగం దింపేశాక ఇంకెక్కడికి పోతాం, ఆవిడ పెద్దది, సర్దుకో అన్నాడు. సర్దుకున్నాను. తరవాత తెలిసింది, ఆవిడ ఎవర్ని చూసినా అంతే. పాలు పోసేవాడైనా, కరెంటు బిల్లు తెచ్చే అబ్బాయైనా ముందు పాపిడే చూసేది. బట్టతల వాళ్ళంటే మాత్రం ఆవిడకి గొప్ప గౌరవం. మా ఇంటికి వచ్చే ఒక బట్టతల ఆటో డ్రైవరు, "మామ్మగారు నన్నొక్కణ్ణే నవ్వుతా చూస్తారండి" అని మురిసిపోయేవాడు.

వారానికోసారి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెట్టి ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఉడకబెట్టేది. దుప్పట్లు, తువ్వాళ్ళు, గుమ్మానికి కట్టిన తెర, ఏదీ వదిలేది కాదు. నా పెళ్ళి పట్టుచీర ఓసారి ఎండకి ఆరేస్తే అదీ కాగులోకి వెళ్ళబోయింది. పరిగెత్తుకెళ్ళి లాక్కున్నాను. "పట్టు అయితే పురుగు పట్టదా ఏంటి? మా మావగారు చెప్పేరు, గుడ్డలో దాక్కునే చావుని నీళ్ళే చంపాలని," అంది.

మా మావగారు చెప్పేరు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ కూర్చుని ఉండేది కాదు. ఎంత మోకాళ్ళ నొప్పులున్నా గోడ పట్టుకుని లేచి నిలబడేది. నిలబడి, దగ్గర్లో ఏది కనిపిస్తే దాని చాటుకి సగం జరిగేది. తలుపు రెక్క కావచ్చు, స్తంభం కావచ్చు, ఆరేసిన చీర కావచ్చు. మొహం కాస్త పక్కకి తిప్పి, కొంగు నెత్తిమీదకి లాక్కుని, అప్పుడు చెప్పేది. నేను ఎదురుగా ఉన్నా చూపు మటుకు నామీద ఉండేది కాదు. ఇదేం చోద్యం అనుకునేదాన్ని. కొన్నాళ్ళకి అర్థమైంది, ఆ కథలన్నీ ఆవిడ అలాగే విన్నది, అందుకే అలాగే చెబుతోంది అని.

చిన్నపిల్లగా ఉన్నప్పుడు దరియాలతిప్ప నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. ఆ రోజుల్లో కోడలు మావగారి ఎదట పడకూడదు, ఆయన ఉన్న గదిలో కూర్చోకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. ఆయన సాయంత్రాలు వీధి అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, వీధికేసి చూస్తూ, తను యుద్ధానికి వెళ్ళిన సంగతులు చెప్పేవాడట. వీధిలో వినేవాళ్ళెవరూ లేరు. ఈవిడ తలుపు వెనక బియ్యం చెరుగుతూ వినేది. మధ్యమధ్య ఊఁ అనేది. ఊఁ వినపడకపోతే ఆయన ఆగిపోయేవాడు. మళ్ళీ ఊఁ అనగానే ఆగిన చోటినుంచి అందుకునేవాడు.

"అంతటి మడిసికి ఊఁ కొట్టేవోళ్ళు ఇంట్లో ఇంకెవరూ లేరే. కొడుకు చూస్తే పడవ తప్ప ఇంకో ముచ్చట పట్టనోడు. మా అత్తగారు 'మళ్ళీ మొదలెట్టేసేరా' అని లోపలికి పోయీవోరు. నేనే కొట్టేదాన్ని. కాపరానికొచ్చిన కాడ్నించీ ఆయన పోయీదాకా, నేను మా మావగారితో మాటాడింది అదొక్క ముక్కే."

ఆ తలుపు చాటున ఆవిడ విన్నదంతా నేను మళ్ళీ విన్నాను. మొదటి పెద్ద యుద్ధంలో ఆయన ఫ్రెంచివాళ్ళ సైన్యంలో చేరి ఓడ ఎక్కాడు. తుపాకి ఇవ్వలేదు, రోగుల్ని మోసే డోలీ ఇచ్చారు. ఫ్రెంచి డాక్టర్లతో కలిపి రుమేనియాకి పంపారు. శత్రువులు రాజధానిని పట్టుకుంటే అక్కడి రాజు ఇంకో ఊళ్ళో కాపురం పెట్టాడట. ఆ ఊరి నిండా పారిపోయి వచ్చిన జనం, గాయాలు తగిలిన సైనికులు, వాళ్ళందరి మీదా పేలు. పేల వల్ల జ్వరం. ఒళ్ళంతా మచ్చలు లేచి, మాట తడబడి, పిచ్చిపట్టినట్టయి పోయేవారు. మన గోదారి మనిషి చేసిన పని ఏమిటంటే, వచ్చినవాడికి వచ్చినట్టు తల గొరగడం, బట్టలు విప్పించి పెద్ద పీపాల్లో ఆవిరి పట్టడం, పోయినవాళ్ళని మోసుకెళ్ళి మంచులో వరసగా పడుకోబెట్టడం. నేల గడ్డకట్టి గుంట దిగేది కాదట. ఉప్పుమడుల్లా తెల్లగా ఎంత దూరం చూసినా అదే మంచు. డాక్టర్లకీ జ్వరం వచ్చి కొందరు పోయారు. ఈయన పోలేదు.

"తెల్లబట్టలు కట్టుకుని రాణీగారు వచ్చీవోరంట ఆస్పత్రికి. మంచం మంచానికీ తిరిగీవోరంట. 'నాకెప్పుడూ ఎదురు పడలేదు గానీ, గుమ్మం అవతల నుంచి ఆవిడ మాట విన్నాను' అన్నారు మా మావగారు. చూసేవా, ఆయనా చాటునుంచి విన్నారు," అని ఆ మాట దగ్గర ఎప్పుడూ నవ్వేది.

రాజు కిరీటం సంగతీ చెప్పేది. ఆ దేశపు రాజుల కిరీటం బంగారంది కాదు, ఉక్కుదట. అంతకు ముందు యుద్ధంలో శత్రువు దగ్గర లాక్కున్న ఫిరంగిని కరిగించి చేయించారట. "బంగారం పెట్టుకునే రాజు ఇచ్చుంటే మా మావగారు తెచ్చుకునేవోరో లేదో. ఇనప కిరీటం ఆయన ఇచ్చేడు గనక తెచ్చుకున్నారు," అనేది. పతకం మీద ఆ కిరీటం బొమ్మ ఉందని ఆవిడ నమ్మకం. ఏళ్ళ తరబడి తోమి తోమి, బొమ్మ ఏదో నా కంటికైతే ఆనలేదు. దానికుండే అసలు పట్టీ చీకిపోతే ఉప్పాడ చీర అంచు కత్తిరించి కుట్టింది. అంచేత దాన్ని చూసి ఇది ఫలానా పతకం అని చెప్పగలిగేవాళ్ళు యానాంలో కాదు, రుమేనియాలో కూడా ఉండరు.

దిండు ఊహ కూడా ఆయనదే. పతకం వచ్చినవాడు బతికున్నన్నాళ్ళూ దాన్ని గుండెమీద పెట్టుకోవచ్చు. పోయాక ఇంకెవరూ పెట్టుకోకూడదు, దిండు మీద పెట్టి శవం ముందు తీసుకెళ్ళాలి. అక్కడ దొరలకి అలా చెయ్యడం ఆయన చూశాడు. ఇక్కడ ఆయన పోయినప్పుడు కోడలు తన రవికకని దాచుకున్న మఖమల్ గుడ్డతో దిండు కుట్టింది. కొడుకు దాన్ని పట్టుకుని పాడె ముందు నడిచాడు. మరి కొన్నేళ్ళకి ఆ కొడుకు తుఫాను రోజున పడవతో వెళ్ళి తిరిగి రాలేదు. అదే తుఫానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చి పతకం తాలూకు కాగితం కూడా పోయింది. పిల్లలు లేరు. పతకం, దిండు, ఆవిడ మిగిలారు.

జూలై పద్నాలుగున, ఒకప్పుడు మా ఊరిని ఏలిన ఫ్రెంచివాళ్ళ పండగ. ఒకప్పుడు ఫ్రెంచి సైన్యంలో చేసి ఇప్పుడు పింఛను తీసుకుంటున్న పెద్దవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు కొద్దిమంది మా ఊళ్ళో ఉన్నారు. గోదారి గట్టు దగ్గర మన జెండా, ఆ జెండా రెండూ ఎగరేసి, పాటలు పాడించి, పోయిన సైనికుల పేర్లు మైకులో చదువుతారు. పేరు పిలవగానే ఆ ఇంటి మనిషి ముందుకొచ్చి జెండా కర్ర మొదట్లో ఒక పువ్వు పెట్టి వెళ్ళాలి. పాట పాడే పిల్లల్ని తీసుకెళ్ళే పని నాది కాబట్టి ఏటా వెళ్ళేదాన్ని. మామ్మగారు వరస చివర, దిండు రెండు చేతుల మీద పెట్టుకుని, ఎండైనా వానైనా గొడుగు పట్టనివ్వకుండా నిలబడేది.

మొదట్లో ఆ వరసలో నిలబడనిచ్చేవారే కాదట. ఇది ఫ్రెంచి పతకం కాదు కదా అని. ఆ పింఛనుదార్ల సంఘం ప్రెసిడెంటు గారు మంచి మనిషే, కానీ పద్ధతి అంటే ప్రాణం. ఆయనా ఆవిడా అందరి ముందు వాదించుకున్న రోజు సంగతి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మామ్మగారూ, ఆ దేశంలో ఇప్పుడు రాజే లేడండి. ఎప్పుడో తీసేసేరు. లేని రాజు ఇచ్చినదానికి ఇక్కడ మర్యాద ఏం చెయ్యమంటారండి?" అన్నాడట ఆయన.

"రాజు పోతే ఇచ్చింది పోద్దా? మీ ఫ్రెంచోళ్ళు మటుకు ఉన్నారేంటి నాయనా ఇక్కడ? ఆళ్ళ జెండా ఎగరెయ్యట్లేదూ?" అందట ఈవిడ.

గట్టు మీద నవ్వనివాళ్ళు లేరట. ప్రెసిడెంటు గారు కూడా నవ్వేసి, మరుసటి ఏటినుంచి ఆ పెద్దాయన పేరు కూడా చివర్న చేర్చమని గుమాస్తాకి చెప్పాడు. మేం ఆ ఇంట్లో దిగేసరికే చివరి పేరుగా అది చదవడం మొదలైంది. "వెంకటేశ్వర్లు గారు" అని మైకులో వినపడేది. అందరూ మామ్మగారి వైపు చూసేవారు. ఆవిడ కదిలేది కాదు. పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడిచేవారు. అయినా కదిలేది కాదు. అంతా అయిపోయి జనం కాఫీ బల్లల దగ్గరికి పోయాక, ఒక్కతే ముందుకెళ్ళి పువ్వు పెట్టి వచ్చేది.

"పాపం, చెవులు పోయేయండి మామ్మగారికి," అనేవారు.

నాకు తెలుసు, పోలేదు. పెరట్లో పిల్లి పాలగిన్నె మూత కదిపితే వీధి అరుగు మీంచి అదిలించే చెవులవి.

ఒక మధ్యాహ్నం ఆవిడ పెరట్లో చింతపండుతో పతకం తోముతోంది. నేను పక్కన కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఉండబట్టలేక అడిగేశాను.

"మామ్మగారూ, పేరు పిలిస్తే ఎందుకు కదలరు మీరు?"

"మా మావగారి పేరు పిలిస్తే కదుల్తాను."

"పిలుస్తున్నారుగా. వెంకటేశ్వర్లు గారని."

"ఆయనెవరో నాకు తెలీదు," అంది, పతకం మీంచి చూపు తిప్పకుండా.

 మెల్లిగా కూపీ లాగితే సంగతి బయటపడింది. గుమాస్తా ఇంటికొచ్చి పేరు చెప్పమన్నాడు. మావగారి పేరు నోటితో ఎలా చెబుతుంది? మొగుడి పేరే ఆవిడ ఏనాడూ పలికింది లేదు. "కొండమీద దేవుడి పేరు" అంది. అతను, "వెంకటేశ్వర్లా అండి?" అన్నాడు. దేవుడి పేరు చెవిన పడింది కదా, ఆవిడ అలవాటుగా తల వంచి దణ్ణం పెట్టుకుంది. అతను దాన్ని అవునన్నట్టు తీసుకుని రాసుకుని వెళ్ళిపోయాడు. మొదటి ఏడు గట్టు మీద వేరే ఎవరి పేరో పిలుస్తున్నారనుకుని, మావగారిది తరవాత వస్తుందేమోనని ఎదురుచూసిందట. రాలేదు. అప్పుడు తెలిసింది.

"మరి అది కాదని చెప్పొచ్చుగా?"

"చెప్తే ఏదీ అంటారు. ఏం చెప్పను?"

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారు మామ్మగారూ? నేను మా మావగారి పేరు ఎక్కడ పడితే అక్కడ చెబుతాను," అన్నాను.

"నీ మావగారు ఏవనుకోరేమో. మా మావగారు బతికుండగా నేను ఎదట పడి ఎరగను. పోయేరు గదా అని పేరెట్టి పిలవనా?"

ఇంక ఆవిడతో వాదించి లాభం లేదని తెలిసి, నేను కనుక్కునే ప్రయత్నం మొదలుపెట్టాను. కొండమీద దేవుడు, కానీ వెంకటేశ్వరుడు కాదు. భద్రాచలం రాముడా అంటే తల అడ్డంగా ఊపింది. అన్నవరం సత్యనారాయణా అంటే కాదంది. "మా అత్తోరి ఇంటి దేవుడే. ఒళ్ళంతా గంధం పూసుకుంటాడు. ఏడాదికోపాలి మటుకు గంధం తీసి నిజరూపం చూపిత్తాడు," అంది పతకాన్ని కొంగుతో తుడుస్తూ.

"సింహాచలం అప్పన్న! మీ మావగారు అప్పన్న గారా?"

ఆవిడ లేచి నిలబడింది. చింతపండు చేతుల్తోనే కొంగు నెత్తిమీదకి లాక్కుంది. ఆరేసిన దుప్పటి చాటుకి జరిగి, నాకు కనపడకుండా నిలబడింది. ఏదో తప్పు మాట అనేశానేమోనని నాకు భయమేసింది. అప్పుడు దుప్పటి వెనకనుంచి అంది, "ఇంకోపాలి అను."

"సింహాద్రి అప్పన్న గారు," అన్నాను.

ఆవిడ ఏడుస్తోందని దుప్పటి కదలడం చూసి తెలిసింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ భర్త గోదారి దాటి సముద్రంలోకి వెళ్ళిపోయిన నాటినుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా రాలేదు. పిండం పెట్టేటప్పుడు చెప్పడానికి మగదిక్కు లేదు. ఆ పేరు తెలిసిన మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే మిగిలింది, ఆ పేరు పలక్కూడని మనిషీ ఆవిడే. తనతోపాటు అదీ పోతుందన్న దిగులు ఆవిణ్ణి ఇన్నాళ్ళూ ఎలా తిన్నదో నాకు ఆ పూట తెలిసింది.

ఆ తరవాత ఆవిడ నాతో ఒక ఆట మొదలుపెట్టింది. ఇంటికి ఎవరు వచ్చినా సరే, దేవుడి గూటికేసి చూపించి, ఏమీ తెలియనట్టు, "పంతులమ్మా, ఆ పతకం ఎవరిదో చెప్పు ఈళ్ళకి," అనేది. "అప్పన్న గారిది," అనేదాన్ని. చాలు, ఆ పూటంతా హుషారుగా తిరిగేది. గ్యాస్ బండ తెచ్చినతను కూడా ఆ పేరు విని వెళ్ళాల్సిందే. నేను స్కూలునుంచి అలిసిపోయి వచ్చిన రోజున విసుక్కుంటూ చెప్పినా సరే, ఆవిడకి అభ్యంతరం లేదు.

పేరు మార్పించడం చిన్నపనే అనుకుని నేనే ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"మీ మాట నమ్మక కాదండి పంతులమ్మ గారూ. ఇవాళ మీరొకటంటారు, రేపు ఇంకోరొచ్చి ఇంకోటంటారు. పోయిన సైనికుడి పేరండి అది, ఊరికే దిద్దకూడదు. ఇంటి మనిషి నోటితో ఒక్కసారి చెబితే చాలండి."

"ఆవిడ తల ఊపితే సరిపోదా అండి?"

"తల ఊపబట్టే గదండీ ఇంతదాకా వచ్చింది!" అన్నాడాయన.

 ఆవిణ్ణి తీసుకెళ్ళాను. ఉతికిన చీర కట్టుకుని, దిండు పట్టుకుని వచ్చింది. ప్రెసిడెంటు గారు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "చెప్పండి మామ్మగారూ, మీ మావగారి పేరేంటండి?" అని ఎంతో నెమ్మదిగా అడిగాడు. ఆవిడ నోరు తెరిచింది. పెదవులు కలిశాయి, విడిపోయాయి.  దిండు మీద పతకం వణకడం చూశాను. ఆ సంఘం ఆఫీసు వరండాలో చాటుకి వెళ్ళడానికి ఒక తలుపు గాని, స్తంభం గాని లేదు. మూడు వైపులా వెలుతురు. ఎదురుగా మగమనిషి. "పోనీలెండి నాయనా," అని వెనక్కి తిరిగింది.

 ఇంటికొచ్చాక నేను ఆయన్ని నాలుగు తిట్టాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆయన్ననకు. ఆయన ఉజ్జోగం ఆయన చేసేడు. నా వల్లే కాలేదు," అంది.

ఆ జూలైలో కూడా వెంకటేశ్వర్లు గారినే పిలిచారు. ఆవిడ కదల్లేదు. జనం మోచేత్తో పొడవబోతే నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.

చలికాలం మొదలయ్యాక ఆవిడకి ఊపిరి అందని ఆయాసం వచ్చింది. సర్కారు ఆస్పత్రిలో చేర్పించాం. అక్కడా ఊరుకోలేదు. నర్సమ్మ పాపిడి చూసింది, దుప్పటి ఉడకబెట్టేరా అని అడిగింది. నర్సమ్మ నవ్వి, ఉడకబెట్టాం మామ్మా అని ప్రమాణం చేసింది. కానీ తిండి తగ్గిపోయింది. నా చేతిలో చెయ్యి పెట్టి పడుకునేది. దేవుడి గూడు అక్కడ లేదు కదా, అందుకని పైకప్పుకేసి చూపించి, "ఎవరిదే?" అనేది. "అప్పన్న గారిది మామ్మగారూ," అనేదాన్ని. తను పోయాక గట్టు మీద ఈ మాట ఎవరంటారు అని మాత్రం ఒకసారి అడిగింది. 

ఒక ఉదయం ప్రెసిడెంటు గారు బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. ఆయనా పెద్దవాడే, మెట్లెక్కి వచ్చేసరికి రొప్పుతున్నాడు.

"జూలైకి మీరు లేచి రావాలండి మామ్మగారూ. గట్టు మీద ఎవరితో దెబ్బలాడమంటారు నన్ను?" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. నాకేసి చూసి, "ఆ తెర లాగు," అంది.

మంచం పక్కన ఇనప చట్రానికి కట్టిన ఆకుపచ్చ గుడ్డ తెర ఉంది. డాక్టరు వచ్చినప్పుడు అడ్డం పెడతారు. ఆవిడకి అవతలికి పోవాల్సిన అవసరం ఏదో వచ్చిందనుకుని ఆయన గబగబా పక్కకి జరిగాడు. తెర లాగాను. ఆయన అవతల స్టూలు మీద కూర్చున్న చప్పుడు వినపడింది.

"నిలబెట్టు నన్ను," అంది.

"మామ్మగారూ, వద్దు. కూర్చునే చెప్పండి."

"నిలబెట్టవే."

చంకల కింద చేతులేసి లేపాను. బరువే లేదు. కాళ్ళు నేలకి ఆనించి, నా భుజం మీద తల పెట్టి, కాస్త ఊపిరి తీసుకుంది. కొంగు కోసం తడుముకుంటే నేనే నెత్తిమీద కప్పాను. మొహం పక్కకి తిప్పింది. తెరకి దగ్గరగా జరిగింది, ఎన్నడూ మాట్లాడని మనిషి మొదటిసారి మాట్లాడబోతున్నట్టు గొంతు సవరించుకుంది.

"మా మావగారి పేరు రాసుకోండి. సింహాద్రి అప్పన్న గారు."

గట్టిగానే అంది. పక్క మంచం ఆవిడ తిరిగి చూసింది.  అన్నాక మటుకు తప్పు చేసినట్టు, దెబ్బ పడుతుందన్నట్టు కళ్ళు మూసుకుని నా జాకెట్టు గుప్పిట్లో పట్టుకుంది. తెర అవతల జేబులోంచి కాగితం తీసిన చప్పుడు, కలం మూత తీసిన చప్పుడు. ఆయనకి ఈ ఇంటి అరుగు సంగతి గాని, తలుపు వెనక బియ్యం చెరిగిన కోడలి సంగతి గాని ఏమీ తెలియదు. పేరు చెబితే రాసుకునేవాళ్ళు ఎవరైనా అనే మాటే ఆయనా అన్నాడు.

"ఊఁ."

మామ్మగారు కళ్ళు తెరిచింది. చంటిపిల్ల మొహంలా విప్పారింది ఆ మొహం. నా చెవి దగ్గర నోరు పెట్టి, అవతలికి వినపడకుండా గుసగుసగా అంది.

"విన్నారే పంతులమ్మా. ఊఁ అన్నారు."